గోపాల్‌పూర్ తీరాన సర్ఫింగ్ మేళా పెట్టాలంటే: ఊరి పెద్దల దగ్గర్నుంచి ఆఖరి లెక్క దాకా

ఒడిశా గంజాం జిల్లాలో బరంపురం నుంచి గోపాల్‌పూర్‌కి పదిహేను కిలోమీటర్లు. మనవాళ్ల నోట గోపాలపురం. ఆదివారం సాయంత్రం వచ్చి, వేరుశనక్కాయలు తిని, కాళ్లు తడుపుకుని, ఫొటోలు దిగి, చీకటి పడకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆ జనం వల్ల ఊళ్లో మిగిలేది టీ కొట్టువాడి గల్లా, ఒడ్డున ప్లాస్టిక్ గ్లాసులు. సర్ఫింగ్ మేళా అనే ఆలోచన ఇక్కడే పుట్టాలి. అలల మీద బల్ల వేసి నిలబడటం నేర్చుకోవాలంటే తెల్లవారుజామున నీళ్లలో ఉండాలి. అంటే ముందు రోజు రాత్రే వచ్చి పడుకోవాలి. పడుకున్నవాడు రెండు పూటలు తింటాడు, ఆటో ఎక్కుతాడు, ఎండు చేపలు కొనుక్కుంటాడు.

ఇది గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలర్లు, అంటే వాడబలిజల ఊళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నది. ఆంధ్రాలో ఇచ్ఛాపురం అవతల కవిటి, సోంపేట వైపు చేసేవాళ్లకి కూడా కాగితాల సంగతి తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

మొదటి పని: ఒక నెల సముద్రాన్ని చూడండి

పోస్టరు తర్వాత. ముందు ఒక నోటుపుస్తకం కొనండి. రోజూ పొద్దున ఆరుకి, పదికి, సాయంత్రం నాలుగుకి ఒకే చోట నిలబడి నాలుగు సంగతులు రాయండి: అల ఎంత ఎత్తు (మోకాలు, నడుము, ఛాతీ, ఈ కొలత చాలు), ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎన్ని సెకన్లు, గాలి ఎటునుంచి, పోటా పాటా.

వారం తిరక్కముందే మీకే కొన్ని విషయాలు తెలిసిపోతాయి. పొద్దున్నే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు అల ముఖం నున్నగా, నిలువుగా లేస్తుంది. పది దాటేసరికి ఎండకి నేల వేడెక్కి గాలి తిరగబడుతుంది, అలలన్నీ చిందరవందర అయిపోతాయి. అందుకే సర్ఫింగ్ పొద్దుటి ఆట. మధ్యాహ్నం మూడుకి ప్రారంభోత్సవం పెట్టి ముఖ్య అతిథిని పిలిచే కార్యక్రమాలు చూశాను. అతిథి వస్తాడు, అల మాత్రం రాదు.

గోపాల్‌పూర్ ఒడ్డు నిటారుగా ఉంటుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు అల దూరంగా విరగదు, ఒడ్డు మీదే ధబీమని కూలుతుంది. కొత్తవాడి మెడకీ నడుముకీ అది ప్రమాదం. నీరు కొంత తగ్గాక, లోపలి ఇసుక తిన్నె మీద అల విరిగి నురగగా దొర్లుకుంటూ వస్తుంది. నేర్చుకునేవాళ్లకి కావలసింది ఆ నురగే. పోటుపాట్లు రోజుకి రెండేసి సార్లు వస్తాయి, మర్నాటికి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్యకీ పున్నమికీ తేడా ఎక్కువ. క్యాలెండరులో తిథి చూడకుండా సర్ఫింగ్ తేదీ పెట్టడం, ముహూర్తం చూడకుండా పెళ్లి పెట్టడం కన్నా పెద్ద పొరపాటు.

ఇంకొక మాట. మన తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి రుతుపవనాల అలలు ఇసుకని ఉత్తరం వైపు తోసుకుపోతాయి. రేవు గోడలు కట్టిన చోట ఒక పక్క మేట వేసి, రెండో పక్క కోసుకుపోతుంది. పొడంపేట, రామయపట్నం వాళ్ల ఇళ్లు సముద్రంలో కలిసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోయిన ఏడాది బాగా అల విరిగిన చోట ఈ ఏడాది గుంట ఉండొచ్చు. నోటుపుస్తకం ప్రతి ఏడాదీ కొత్తగా మొదలుపెట్టాలి.

హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, దిశ, వ్యవధి (అలకీ అలకీ మధ్య సెకన్లు) ముందుగానే చెబుతుంది. అది చూసుకుని మీ లెక్కతో పోల్చండి. వ్యవధి పద్నాలుగు సెకన్లు దాటుతోందని కనిపిస్తే జాగ్రత్త. మన దగ్గర గాలి లేకపోయినా, ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అల ఇక్కడికొచ్చి కొడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉందని జనం నీళ్లలోకి దిగేది సరిగ్గా ఆ రోజే.

రెండో పని: పెద్దల దగ్గర కూర్చోండి

మా మొదటి ప్రయత్నంలో బ్యానరు గుంజలు నాలుగు పాతాం. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చి, కోప్పడకుండా అన్నాడు: "బాబూ, నువ్వు గుంజ పాతిన చోట మా వల ఆరబెడతాం. రేపు వల ఎక్కడ పరచమంటావు?" ఆ ఒడ్డు మాకు ఖాళీగా కనబడింది. ఆయనకి అది పెరడు.

కాబట్టి ఏ కలెక్టరాఫీసుకీ వెళ్లకముందే ఊరి కులపెద్దల దగ్గరికి వెళ్లండి. సాయంత్రం, పడవలు చేరాక, చేపల బేరం అయ్యాక వెళ్లండి. చేతిలో ఫైలు వద్దు. వయసునుబట్టి మామయ్యా, తాతా అని పలకరించి కూర్చోండి. అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

పడవలు ఏ దారిన దిగుతాయి, ఏ దారిన చేరతాయి? పెద్దవల ఎక్కడ లాగుతారు? వలలు, చేపలు ఎక్కడ ఆరబెడతారు? ఏ చోట నీరు లోపలికి లాగుతుంది? ఇంతకుముందు మనుషులు ఎక్కడ పోయారు? గంగమ్మ పండగ ఎప్పుడు?

చివరి రెండు ప్రశ్నలకీ వచ్చే జవాబులు ఏ మ్యాపులోనూ దొరకవు.

తర్వాత డబ్బు మాట. దాచొద్దు. మేళా రెండు రోజులు మీ హద్దులో పడవ దిగకూడదని కోరుతుంటే, ఆ వేట పోయినందుకు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలని అడిగేటప్పుడు మామూలు రోజు రాబడి అడక్కండి, మంచి రోజు రాబడి అడగండి. రక్షణ పడవలు, ఈత కాపలా, వంట, వలంటీర్లు, ఆటోలు ముందు ఆ ఊరివాళ్లకే అని మాటివ్వండి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ ఊళ్లో చేయొద్దు. పోలీసు అనుమతి తెచ్చుకుని వాళ్ల మీదుగా చేసే మేళా ఒక్క ఏడాదే జరుగుతుంది.

ఈ జాలర్లని టూరిస్టులు నూలియా అంటారు, కాగితాల్లోనూ ఆ మాటే కనిపిస్తుంది. మీ పోస్టరులో ఏం రాయాలో ఊరివాళ్లనే అడిగి, వాళ్లు చెప్పినట్టే రాయండి.

"చేపలు పట్టేవాళ్లు సర్ఫింగ్ ఏం చేస్తారు" అని ఎవరైనా నవ్వితే చెన్నై దగ్గర కోవళం పేరు చెప్పండి. అక్కడ మూర్తి మేఘవన్ అనే జాలరి బల్ల ఎక్కడం తనంతట తాను నేర్చుకుని, తర్వాత సర్ఫింగ్ బడి నడిపి, ఊరి పిల్లల్ని పోటీలకి పంపే స్థాయికి తెచ్చాడు. మన ఒడిశాలోనే కోణార్క్ దగ్గర రామచండి తీరంలో 2012లో ఇండియా సర్ఫ్ ఫెస్టివల్ మొదలైంది. తెప్ప మీద నిలబడి అల దాటే మనిషికి బల్ల మీద నిలబడటం కొత్త విద్యేమీ కాదు. బల్ల కొత్త, అంతే.

మూడో పని: తేదీ

అన్నింటికన్నా ఎక్కువ తల పగిలేది ఇక్కడే. గంజాం తీరంలో ప్రతి నెలకీ ఒక అడ్డంకి ఉంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు పెద్దవి. అలవాటున్నవాళ్లకి పండగే. జనాన్ని పిలిచి నీళ్లలోకి దింపే కాలం మాత్రం కాదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. ఆ వారాల్లో అడ్వాన్సులు కట్టి గుడారాలు తెప్పించడమంటే జూదమే. పైగా దసరా సెలవుల్లో బెంగాల్ నుంచి టూరిస్టులు ఎలాగూ వస్తారు, వాళ్ల కోసం మీరు మేళా పెట్టక్కర్లేదు. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా పిక్నిక్ జనం, లౌడ్‌స్పీకర్లు, పోలీసులకి ఊపిరాడదు.

ఫిబ్రవరి, మార్చి నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్లవి. ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర అవి గుంపులు గుంపులుగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. కొన్నేళ్లు రానే రావు, వస్తే లక్షల్లో వస్తాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ లెక్క తేలినవి సుమారు ఏడు లక్షలు. నెలన్నర తర్వాత పిల్లలు బయటికొచ్చి వెలుగున్న వైపు నడుస్తాయి. సముద్రం మీది వెలుగు కన్నా మీ స్టేజి లైటు ఎక్కువైతే అవి స్టేజి వైపు వస్తాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఇరవై కిలోమీటర్ల లోపు వేట నిషేధం కూడా ఉంటుంది. వేట ఆగి కడుపు మాడ్చుకుంటున్న ఊరి ముందు, అదే తాబేళ్ల తీరాన బయటివాళ్ల చేత ఆటలాడిస్తే ఆ మంట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్లకి సెలవు. మనుషులు ఖాళీగా ఉంటారు, అలలు కూడా లేస్తాయి. ఇక్కడొక మంచి అవకాశం ఉంది. ఉక్కపోత వల్ల జనాన్ని పిలిచే మేళాకి కుదరదు కానీ, ఊరి కుర్రాళ్లకి సర్ఫింగ్, ప్రాణరక్షణ శిక్షణ ఇవ్వడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. పొద్దున ఐదుంపావు నుంచి ఎనిమిది దాకా నడిపితే చాలు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది సంక్రాంతి తర్వాత, రిపబ్లిక్ డేకి ముందు వచ్చే శని ఆదివారాలు. నా ఓటు వాటికే. అలలు చిన్నవి, మోకాలు నుంచి నడుము దాకా. పోటీకి ఆశపడే సర్ఫర్లు పెదవి విరుస్తారు. విరవనీయండి. మొదటి ఏడాది మీకు కావలసింది చాంపియన్లు కాదు, బల్ల మీద మొదటిసారి లేచి నిలబడి కేక పెట్టే బరంపురం కాలేజీ పిల్లలు. సొంత కుర్రాళ్లు తయారయ్యాక, రెండో మూడో ఏడాది అసలు పోటీ సంగతి చూడొచ్చు. ఎంచుకున్న వారంలో అమావాస్యో పున్నమో పడితే పక్క వారానికి జరపండి.

నాలుగో పని: చోటు

ఋషికుల్య ముఖద్వారం, దాని రెండు పక్కలా ఉన్న తీరం వద్దే వద్దు. ఈ విషయంలో బేరం లేదు. గోపాల్‌పూర్ ముఖ్య తీరంలో హోటళ్లు, రోడ్డు, కరెంటు ఉన్నాయి. కానీ స్నానాలకి దిగే జనం ఉంటారు. బల్లలూ స్నానాల జనం ఒకే నీళ్లలో ఉండకూడదు, జారిన బల్ల మనిషి తలకి తగిలితే చిన్న దెబ్బతో పోదు. దీపస్తంభం వైపు రద్దీ వదిలి కొంత దూరం నడిచి, మీ నోటుపుస్తకం, పెద్దల మాట రెండూ కలిసిన చోట వంద మీటర్ల ముక్క చూసుకోండి. మేళాకి అంతకన్నా అక్కర్లేదు.

దక్షిణాన బాహుదా నది కలిసే చోట ఉన్న సోనాపూర్ ఇంకొక మంచి తీరం. రాష్ట్రం గుడారాల విడిది పెట్టిన చోటు కాబట్టి దారి, పేరు ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి మన తెలుగువాళ్లు సులువుగా రాగలరు. అయితే నది ముఖద్వారానికి మరీ దగ్గరగా దిగొద్దు. పాటు వేళ నదినీరు, సముద్రపు నీరు కలిసి లోపలికి లాగుతాయి.

గోలాబంధ వైపు సైన్యం వైమానిక రక్షణ కళాశాల, సముద్రం మీదికి కాల్పుల సాధన ఉన్నాయి. ఆ తేదీలు అడిగి తెలుసుకోకుండా ముందుకెళ్లొద్దు. డ్రోనుతో వీడియో తీయాలనే కుర్రాడు మీ బృందంలో తప్పకుండా ఒకడుంటాడు. సైనిక స్థావరం, రేవు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి రాతపూర్వక అనుమతి లేకుండా వాడి చేత డ్రోను ఎగరనీయొద్దు.

ఐదో పని: కాగితాలు

మూడు నెలల ముందు మొదలుపెట్టండి. గంజాం కలెక్టరు కార్యాలయం ఛత్రపురంలో, ఎస్పీ కార్యాలయం బరంపురంలో. గోపాల్‌పూర్ అయితే అక్కడి ఎన్‌ఏసీ (పట్టణ పాలక మండలి), సోనాపూర్ అయితే గ్రామ పంచాయతీ. మెరైన్ పోలీసులు, అగ్నిమాపక శాఖ, అటవీ డివిజన్, జిల్లా పర్యాటక అధికారి, వీళ్లందరికీ ఒకే ఉత్తరం, ఒకే పటం, ఒకే భద్రతా ప్రణాళిక ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక్కో తేదీ, ఒక్కో జనసంఖ్య రాసి తర్వాత తిప్పలు పడకండి. ఉత్తరం ఒడియాలో రాయించండి, పని తొందరగా అవుతుంది.

తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉన్నాయి కాబట్టి సిమెంటు, ఇనుప దిమ్మెలు వద్దు. వెదురు, టార్పాలిన్ పందిళ్లు వేసి మూడో రోజు విప్పేయాలి. మైకు రాత్రి పదికి ఆగాలి. తీరం మీద అసలు రాత్రి కార్యక్రమమే వద్దంటాను. పాటలు కావాలంటే ఊళ్లో, రోడ్డు అవతల పెట్టుకోండి. డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ వెళ్లకుండా, సొసైటీ రిజిస్టరు చేసి బ్యాంకు ఖాతా తెరవండి. ఊరి నుంచి ఇద్దరు సంతకందార్లుగా ఉండాలి.

ఆరో పని: ప్రాణం

దీని దగ్గర డబ్బు తగ్గించాలనిపిస్తే మేళానే మానుకోండి.

మన తీరంలో మనుషులు పోయేది ఎక్కువగా పెద్ద అల వల్ల కాదు, లోపలికి లాగే నీటి వల్ల. అలలు ఒడ్డుకి తెచ్చిన నీరు తిరిగి వెళ్లడానికి ఇసుక తిన్నెల మధ్య ఒక సందు వెతుక్కుంటుంది. ఆ సందులో అల విరగదు. పక్కనంతా తెల్లగా నురగలు, మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా ఉన్న నీరు. కొత్తవాడు "ఇక్కడ అలలు లేవు, బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతాడు. మొదటి పాఠం ఒడ్డు మీదే చెప్పండి: లాగితే ఎదురీదొద్దు, తేలుతూ చెయ్యెత్తండి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది నురగలున్న చోట బయటికి రండి. ఒడ్డు మీద నిలబెట్టి అలాంటి సందు వేలితో చూపించండి. చూసినవాడు మరిచిపోడు.

జెండాలు: ఎరుపు, పసుపు రెండు రంగులున్న జెండాల మధ్య కాపలా ఉన్న స్నానాల చోటు. నలుపు తెలుపు గళ్ల జెండాల మధ్య బల్లలు. ఒక్క ఎర్ర జెండా లేస్తే అందరూ బయటికి. ఎర్ర జెండా ఎత్తే అధికారం ఒక్క మనిషికి ఇవ్వండి. ఆ మనిషి ఊరి అనుభవజ్ఞుడైతే మంచిది. ఆయన ఎత్తాక మంత్రిగారు వచ్చినా దింపకూడదని ముందే అందరి ముందూ చెప్పండి.

నీళ్లలో ప్రతి శిక్షకుడికీ నలుగురే విద్యార్థులు, అంతకు మించొద్దు. ఒకసారి నీళ్లలో ఇరవై మంది కన్నా ఎక్కువ వద్దు. బయట బల్ల మీద ఒక కాపలాదారు, అలల అవతల ఇంజను పడవలో ఇద్దరు, ఒడ్డున ఎత్తైన మంచె మీద ఒకరు బైనాక్యులరు, ఈల పట్టుకుని ఉండాలి. మంచె మీదివాడి చేతిలో ఫోను ఉండకూడదు. ఇరవై నిమిషాలకోసారి మనిషిని మార్చాలి, నీటి మెరుపుకి కళ్లు అలిసిపోతాయి.

ఊరి కుర్రాళ్లు చేపల్లా ఈదుతారు. మునిగినవాడికి ఊపిరి ఎలా ఇవ్వాలన్నది వేరే విద్య. దాన్ని వైద్యుల దగ్గర, బొమ్మ మీద చేయించి నేర్పించండి. మునిగిన మనిషిని తలకిందులు చేసి తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ చూస్తాం. ఆ ఒకటి రెండు నిమిషాలే ప్రాణం పోయే నిమిషాలు. ఊపిరి ఆడకపోతే ముందు నోటితో ఊపిరులు, తర్వాత ముప్పై ఛాతీ నొక్కుళ్లకి రెండు ఊపిరుల చొప్పున, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా. 108 బండి మేళా చోటే ఉండేలా ముందుగా అడగండి. కుదరకపోతే వెనక సీటు మడిచిన ఒక వాహనం, డ్రైవరుతో సహా, బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి వైపు ముఖం పెట్టి నిలబెట్టండి. దాని ముందు ఎవరూ బండి పార్కు చేయకుండా తాడు కట్టండి. సముద్రంలో ఆపద అయితే తీర రక్షక దళం నంబరు 1554. బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయండి.

ఇసుకలో దాక్కునే టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టించాలి, ఫ్లాస్కులు రెండు సిద్ధం. నీళ్లలో నడిచేటప్పుడు పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే టేకు ముందే పక్కకి పోతుంది. ఈ సంగతి ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, నగరం నుంచి వచ్చిన శిక్షకులకే తెలియదు. పద్దెనిమిది లోపువాళ్లకి తల్లిదండ్రుల సంతకం. తాగినవాడికి బల్ల ఇవ్వొద్దు, వాడు మీ స్పాన్సరు బావమరిది అయినా సరే.

ఏడో పని: బల్లలు, పాఠాలు, కాస్త పోటీ

కొత్తవాళ్లకి ఎనిమిది అడుగుల మెత్తని నురగ బల్లలు. గట్టి ఫైబరు బల్ల చూడ్డానికి బాగుంటుంది, తగిలితే కుట్లు పడతాయి. బల్లనీ చీలమండనీ కలిపే తాడుని లీష్ అంటారు, ప్రతి ఉదయం దాన్ని లాగి చూడాలి. అద్దెకి తెచ్చుకుంటే కనీసం రెండు రోజుల ముందు చేరాలి. ఒకసారి మాకు బల్లలు వచ్చాయి, కింద బిగించే రెక్కలూ వచ్చాయి, రెక్కలు బిగించే చిన్న తాళంచెవి రాలేదు. ఆదివారం పొద్దున బరంపురంలో సైకిలు షాపువాడిని నిద్రలేపి షట్టరు తీయించాం. అలాంటి తాళంచెవులు ఇప్పుడు నా జేబులో మూడుంటాయి.

పాఠం గంటన్నర. అందులో అరగంట ఇసుక మీదే: బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేయడం, ఛాతీ లేపడం, ఒక్క ఊపున లేచి మోకాళ్లు వంచి నిలబడటం. పడేటప్పుడు తల ముందుకి దూకకుండా వెల్లకిలా, వెడల్పుగా పడటం, పైకొచ్చేటప్పుడు చేతులు తల చుట్టూ పెట్టుకోవడం. తర్వాత నడుములోతు నీళ్లలో నురగ అలలు మాత్రమే. ఆడపిల్లలకి వేరే బృందం, వీలైతే మహిళా శిక్షకురాలు, బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది ఉండాలి. ఇవి లేకపోతే మేళా మగపిల్లల గుంపు అయిపోతుంది.

పోటీ కావాలంటే ఊరి కుర్రాళ్ల మధ్య ఒక పూట సరదాగా పెట్టండి. పద్ధతి తేలిక. నలుగురు నాలుగు రంగుల బనియన్లతో దిగుతారు, ఇరవై నిమిషాలు, ఒక్కో అలకీ పదికి మార్కులు, బాగా వచ్చిన రెండు అలలు కలిపి లెక్క. న్యాయనిర్ణేతలు ముగ్గురు, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. టోక్యోలో సర్ఫింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడూ అలల లెక్క ఇదే. జాతీయ స్థాయి పోటీ అని పేరు పెట్టాలంటే మాత్రం సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపు తీసుకోండి. ఊరికే 'నేషనల్' అని బ్యానరు కొట్టించొద్దు.

దీంతోపాటు తెప్పల పందెం పెట్టండి. మా ఊహకి మించి జనం దానికే కేకలు వేశారు.

ఎనిమిదో పని: వచ్చినవాళ్లని నిలబెట్టడం

సర్ఫింగ్ తొమ్మిదిన్నరకి అయిపోతుంది. తర్వాత పొద్దంతా ఏం చేస్తారు? ఈ ప్రశ్నకి జవాబు లేని మేళాకి జనం మధ్యాహ్నం రైలెక్కి పోతారు.

గోపాల్‌పూర్‌లోనే రెండు గంటల నడక ఉంది. ఒకప్పుడు ఇక్కడినుంచి రంగూన్‌కి ఓడలు పోయేవి. పొట్ట చేతపట్టుకుని ఎంతోమంది తెలుగువాళ్లు ఈ రేవునుంచే బర్మా వెళ్లారు. పాత రేవు శిథిలాలు, దీపస్తంభం, కూలిన గోడల బంగళాలు, 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు కట్టిన పామ్ బీచ్ హోటలు, ఇవన్నీ కలిపి కథలా చెబుతూ నడిపించే ముసలాయన ఒకరు ప్రతి ఊళ్లో దొరుకుతారు. ఆయనకి డబ్బివ్వండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదని చెబితే విశాఖ నుంచి వచ్చినవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుంటారు.

మధ్యాహ్నం బరంపురం పట్టు నేసే వీధులు చూపించండి, నేతగాళ్ల ఇళ్లలో వినిపించేది తెలుగే. అప్పడాలు, ఊరగాయలు అక్కడే. తెల్లారి ఇంకొక పూట ఉండేవాళ్లకి రంభ దగ్గర చిలికా సరస్సు, లేకపోతే తారాతారిణి అమ్మవారి కొండ. చాలు, పది చోట్లు చెప్పి తికమక పెట్టొద్దు.

భోజనం ఊరి ఆడవాళ్ల చేతిలో పెట్టండి. కోనాం వేపుడు, నెత్తళ్ల పులుసు, అన్నం, అడ్డాకుల విస్తరి. ప్లాస్టిక్ ప్లేట్లు 2022 జులై నుంచి నిషేధం, అదెలాగూ కుదరదు. ధర బోర్డు మీద రాయించండి. టూరిస్టుకి ఒక ధర, ఊరివాడికి ఒక ధర అనుకున్నా దాచకుండా అదే రాయండి. ఇళ్లలో బస ఇవ్వాలనుకునేవాళ్లకి మూడు షరతులు: శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపుకి గడియ, ఉతికిన దుప్పటి. వేరే అలంకారాలు అడక్కండి. అతిథుల వివరాల నమోదు గురించి పోలీసు స్టేషనులో ముందే మాట్లాడి పెట్టండి.

తొమ్మిదో పని: చాటింపు

మేము చేసిన పొరపాటు చెబుతాను. తెలుగు ఊళ్లు కదా అని తెలుగులో పోస్టర్లు అందంగా వేయించాం. ఎవరూ చదవలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే కుర్రాళ్లు బడిలో ఒడియా చదువుకున్నారు. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. అప్పట్నుంచి పద్ధతి మార్చాం: పోస్టరు ఒడియాలో, చాటింపు తెలుగులో. ఆటోకి మైకు కట్టి ఊరూరా తిప్పడం, వాట్సాప్‌లో నిమిషం లోపు తెలుగు గొంతు సందేశం. అది కూడా ఊరి యాసలోనే, ఊరి గొంతుతోనే. శ్రీకాకుళం, విశాఖ వైపు పంపడానికి తెలుగు పోస్టరు, కోల్‌కతా వైపు బెంగాలీ పోస్టరు.

ఇన్‌స్టాగ్రామ్‌లో హవాయి అలల ఫొటో పెట్టి మేళా ప్రచారం చేయొద్దు. జనవరిలో వచ్చిన వాడికి నడుములోతు అల కనబడితే అదే ఇన్‌స్టాగ్రామ్‌లో మిమ్మల్ని ఏకిపారేస్తాడు. మీ తీరంలో, అదే నెలలో తీసిన వీడియోలు పెట్టండి. చిన్న అల, పెద్ద నవ్వు, అంతకన్నా ప్రచారం అక్కర్లేదు. భువనేశ్వర్, విశాఖ రెండు వైపులనుంచీ రైలులో బరంపురం దిగడం తేలిక అని, స్టేషను నుంచి ఆటో ధర ఎంతో, చివరి బస్సు ఎన్నింటికో రాయండి. ఊహకన్నా ఎక్కువమంది అడిగేది ఇదే.

ఆ రెండు రోజులు, ఆ తర్వాత

పొద్దున ఐదున్నరకి జట్టంతా ఒడ్డున ఉండాలి. ఎర్ర జెండా పెద్దాయన, మంచె కుర్రాడు, పడవవాళ్లు, అందరూ కలిసి పది నిమిషాలు నీళ్లు చూడాలి. లాగే సందు ఎక్కడుందో చూసి దానికి దూరంగా జెండాలు పాతాలి. రాత్రికి రాత్రి అది జరిగి ఉండొచ్చు. ఆరున్నరకి మొదటి బృందం. నీళ్లలోకి వెళ్లినవాళ్ల పేర్లు పలక మీద, బయటికొచ్చాక కొట్టివేత. ఒక్క పేరు మిగిలినా అంతా ఆపి వెతకాలి. ఉపన్యాసాలు తొమ్మిదిన్నర తర్వాతే, ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు.

అల రాకపోతే? వస్తుంది అని అబద్ధమాడొద్దు. తెప్పల పందెం ముందుకు జరపండి, తెడ్డు పోటీ పెట్టండి, పిల్లలకి వల వేయడం నేర్పించమని తాతలని బతిమాలండి. తుపాను హెచ్చరిక వస్తే రద్దు చేయాలి, డబ్బు ఎలా తిరిగిస్తారో టికెట్టు మీదే రాసి ఉండాలి.

ముగిసిన మర్నాడు పొద్దున, పడవలు వేటకి వెళ్లేలోపు, ఒడ్డు మొత్తం ఏరాలి. గుంజలు పీకిన గుంటలు పూడ్చాలి, లేకపోతే వలలాగేవాళ్ల కాళ్లు మెలికపడతాయి. ఆ సాయంత్రమే, చేపల బేరం అయ్యాక, మొదట కూర్చున్న చోటే మళ్లీ కూర్చుని లెక్క చదవండి. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత వెళ్లింది, ఇంకా ఎవరికి బాకీ. గట్టిగా, అందరికీ వినబడేలా, తెలుగులో చదవండి. పడవవాళ్ల బాకీ అక్కడే తీర్చేసి లేవండి. కుర్రాళ్ల కోసం బల్లలు రెండైనా ఊళ్లో వదిలిపెట్టి రండి.